వనస్థలిపురంలో ఒక పెరడు: గడ్డిమందు కొట్టకుండా కంప తీసిన ఏడు నెలలు

టీచరమ్మ గారు ఫోన్ చేసింది 2024 ఏప్రిల్ మూడో వారంలో. "బాబూ, పెరడు మళ్ళీ అడవైపోయింది. వచ్చి చూడండి. మందు మాత్రం కొట్టనివ్వను, ముందే చెప్తున్నా" అన్నారు. పెరళ్ళలో కంప తీయడం మా పని, గడ్డిమందు వద్దనేవాళ్ళు మాకు కొత్త కాదు. కానీ ఆ గొంతులో ఏదో పాత కోపం ఉంది. వెళ్ళాక కారణం చూపించారు. వంటింటి వెనక నిలువెత్తు కరివేపాకు చెట్టు, మొదలు దాకా ఎండిపోయింది. అంతకు ముందు వానాకాలంలో ఎవరినో పిలిచి గడ్డిమందు కొట్టించారట. గాలి ఇటు తిరిగింది. నెలన్నరకు గడ్డి మళ్ళీ వచ్చింది, కరివేపాకు మాత్రం రాలేదు.

స్థలం 450 గజాలు. ముందు పాత ఇల్లు, పక్కనా వెనకా కలిపి 300 గజాల పెరడు. మూడు వైపులా గోడ ఉంది. వెనక గోడ సగం కూలిపోయింది, దాని అవతల ఎవరిదో ఖాళీ ప్లాటు. ఎర్ర నేల, జానెడు దిగితే మొరం. ఆవిడ భర్త ఉన్నన్నాళ్ళూ పెరట్లో కూరగాయలు పండేవి. ఆయన పోయాక అటు వెళ్ళడమే మానేశారు.

మందు కంటే ముందు జేసీబీ కూడా వచ్చి వెళ్ళింది. 2022 ఎండాకాలంలో గంటన్నరలో పెరడంతా మైదానం చేసి ఇచ్చారట. ఆ ఫొటోలు ఆవిడ ఫోన్లో ఇంకా ఉన్నాయి, చూడ్డానికి చాలా బాగుంది. ఆగస్టులో తీసిన ఫొటోలో మాత్రం వయ్యారిభామ (పార్థీనియం కలుపు) నారుమడి పోసినట్టు నడుం ఎత్తున నిలబడి ఉంది. అందులో వింతేమీ లేదు. జేసీబీ బకెట్ పై మట్టిని తిరగేస్తుంది. లోపల వెలుతురు తగలక పడుకున్న విత్తనాలన్నీ పైకొస్తాయి. తుమ్మ మొద్దులు నేల మట్టానికి విరిగిపోతాయి, కానీ వేరు కదలదు. ఒక్క కాండం ఉన్న చోట ఆరు చిగుళ్ళు లేస్తాయి. నేను చూసేసరికి పెరట్లో ఉన్నవన్నీ అలా లేచిన గుబురు తుమ్మలే.

ప్రాణం ఎక్కడుంది

రేటు చెప్పే ముందు స్థలమంతా ఒకసారి నడుస్తాను. కర్ర, గమ్ బూట్లు, ఒక నోట్‌బుక్, అంతే. ఏం మొక్క ఎంత ఉంది అని రాసుకోను. దాని ప్రాణం ఎక్కడుంది అని రాసుకుంటాను. చిన్నప్పుడు విన్న కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, వాణ్ణి ఎంత నరికినా చావడు. మా పని కూడా అంతే. పైన ఎంత కోసినా, చిలక ఎక్కడుందో తెలియకపోతే కూలి డబ్బులు దండగ.

ఈ పెరట్లో చూసింది ఇది. సర్కారు తుమ్మ ఏడు గుబుర్లు. దీని ప్రాణం నేల మట్టం కింద జానెడు లోతు దాకా, వేరు మెడలో ఉంటుంది, చిగుళ్ళు అక్కడి నుంచే వస్తాయి. అంతకంటే కింద వేరు మిగిలిపోయినా మళ్ళీ లేవదు. లాంటానా, అంటే తలంబ్రాల చెట్టు, వెనక గోడ పొడవునా ఉంది. దానిదీ వేరు మెడే, కానీ ఇంకా పైపైనే. వయ్యారిభామ ప్రాణం విత్తనంలో. ఒక్క మొక్క 10,000కు పైగా గింజలు రాలుస్తుంది, మొలిచిన నెల, నెలన్నరలో పూతకొస్తుంది. ఇంటి పక్కన 40 గజాల మేర తుంగ. దాని ప్రాణం గొలుసులా ఒకదానికొకటి కట్టుకున్న గడ్డల్లో ఉంటుంది, లాగితే ఆకు వస్తుంది, గడ్డలు కిందే ఉంటాయి. ఇవి కాక సుబాబుల్ పిల్లలు, ఆముదం, జిల్లేడు, ఉత్తరేణి, తుత్తురుబెండ. వీటి గురించి పెద్దగా చెప్పుకోడానికేం లేదు. నేల తడిగా ఉన్నప్పుడు ఓపిగ్గా లాగితే పోతాయి.

సర్కారు తుమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆ పేరు ఊరికే రాలేదు. 1877 ప్రాంతంలో అటవీ శాఖ వాళ్ళు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. బీడు నేలలకి వంటచెరుకు దొరుకుతుందని. ఆ మాట నిజమే, కట్టె బాగా మండుతుంది. కాకపోతే మేకలు కాయలు తిని గింజల్ని పేడతో ఊరంతా చల్లాయి. ఈ మధ్య "మేకల్ని తోలించి శుభ్రం చేయించకూడదా" అని చాలామంది అడుగుతున్నారు. సుబాబుల్ ఉన్న చోట మంచి ఉపాయమే. ఈ పెరట్లో మాత్రం వద్దన్నాను. వయ్యారిభామని మేక ముట్టదు, ఆముదం ఆకు తింటే దాని ప్రాణానికే ముప్పు, ఇక తుమ్మకాయలు తింటే మనం తీసేదాన్ని అది మళ్ళీ నాటుతుంది.

ఉప్పు, వెనిగర్ కలిపి కొట్టమని సలహా ఇచ్చేవాళ్ళూ తగులుతుంటారు. వంటింటి వెనిగర్ లేత ఆకుల్ని మాడుస్తుంది, వేరుకి ఏమీ కాదు. ఉప్పు మాత్రం నేలలోనే ఉండిపోతుంది, తర్వాత మనం వేసేది కూడా మొలవదు. బండరాళ్ళ సందుల్లో గడ్డికి మరిగే నీళ్ళు పోస్తే చాలు. ఆవిడ ఇంటి ముందు ర్యాంపు మీద అదే చేశాం.

మందు విషయానికొస్తే, ఆవిడ ఒప్పుకున్నా నేను కొట్టేవాణ్ణి కాదు. గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం ఆదేశం ఇచ్చింది. నేను ఆ ఆపరేటర్‌ని కాను. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందు అయితే ఇంట్లో సీసా ఉండటమే నాకు భయం, అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. పైగా తుంగ ఉన్న చోటు నుంచి నీళ్ళ సంపు మూత నాలుగు అడుగులే, ఆ మూతకి పగులు.

నాలుగు దఫాలుగా వస్తామని చెప్పాను: ఏప్రిల్, జూన్, జూలై, ఆగస్టు. మధ్యలో మూడు వారాలకోసారి సగం పూట. "ఒక్కరోజులో అవదా బాబూ?" అన్నారు. "అయిన పని మీరు రెండుసార్లు చూశారు కదమ్మా" అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ ఒప్పుకున్నారు.

ఏప్రిల్: పాములు, లాంటానా, ప్లాస్టిక్ షీటు

మనుషులు నలుగురం. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు, మాతో ఆరేళ్ళుగా ఉన్న ఒక అక్క, నేను. గడ్డపారలు రెండు, పారలు, గొడ్డలి, కొడవళ్ళు, పొడుగు కర్ర ఉన్న వంకె కత్తి, ఒక బ్రష్ కట్టర్.

మొదటి గంట ఏమీ కోయం. కర్రలతో నేలని తడుతూ, చప్పుడు చేస్తూ ఇంటి వైపు నుంచి వెనక గోడ వైపు నడుస్తాం. పాముకి పారిపోయే దారి వదిలిపెట్టాలి. నాలుగు వైపుల నుంచీ కోసుకుంటూ మధ్యకి వెళ్తే చివరికి మధ్యలో మిగిలేది కోపంగా ఉన్న పాము. ఆ రోజు ఒక జెర్రిపోతు కూలిన గోడ మీదుగా అవతలి ప్లాటులోకి పోయింది. దానితో ప్రమాదం లేదు, ఎలుకల్ని తింటుంది. రెండో రోజు పాత ఇటుకల కుప్ప కదిపితే కింద రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది. కుక్కర్ విజిల్‌లా బుస కొట్టింది. అందరం వెనక్కి తగ్గి, ఒకరు దూరం నుంచి దాన్నే చూస్తూ ఉండగా ఫోన్ చేశాం. నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థల వలంటీర్లు ఇందుకే ఉన్నారు. వచ్చి పట్టుకెళ్ళేదాకా రెండు గంటలు పని ఆగింది. ఆ రెండు గంటల కూలి కూడా లెక్కలో వేస్తాను, కస్టమర్‌కి ముందే చెప్తాను. లేకపోతే కుర్రాళ్ళు టైమ్ పోతోందని కర్ర అందుకుంటారు. చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, అది అలా ఉంచితే కాటు పడేది కూడా అప్పుడే. పాము కాటు మందు ఉండే ఆసుపత్రి దగ్గర్లో ఏదో పని మొదలుపెట్టే ముందే కనుక్కుని పెట్టుకుంటాం.

లాంటానాకి ఎండాకాలమే సరైన టైమ్. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం చూపించిన పద్ధతి ఒకటుంది. పొద మొదట్లో మట్టి కొంచెం తీసి, నేల మట్టానికి రెండు మూడు వేళ్ళ కింద వేరుని నరికి, పొదని ఎత్తి తలకిందులుగా పెట్టేయడం. మెడ పోయింది కాబట్టి కింద వేరు చిగురించదు. తలకిందులుగా ఉంది కాబట్టి కొమ్మలు నేలకి తగిలి వేళ్ళు తొడగవు. ఏప్రిల్ ఎండకి నాలుగు రోజుల్లో గలగలలాడాయి. గోడ పొడవునా ఇరవై మూడు పొదలు తీస్తే జూలైలో తిరిగి చిగురేసింది రెండే. ఆ రెండూ మొరంలో గొడ్డలి దిగక పైపైన కోసినవి.

తుంగ మీద వేసింది పారదర్శక ప్లాస్టిక్ షీటు. ముందు ఆకు కోసేసి, రాళ్ళు ఏరి, నేలని చదును చేసి, బాగా తడిపి, షీటు పరిచి, అంచుల్ని చుట్టూ తవ్విన కాలువలో మట్టితో కప్పాం. ఎండ లోపలికి పోతుంది, వేడి బయటికి రాదు. తడి నేలలో వేడి కిందికి బాగా దిగుతుంది. మనకి కొత్తగా అనిపిస్తుంది గానీ పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వాళ్ళు 1980ల్లోనే కంది, శనగ ఎండు తెగులు కోసం ఇదే పద్ధతిని పరీక్షించారు. నల్ల షీటు కాదు, అవతలిది కనిపించే పారదర్శక షీటే వేయాలి. ఏప్రిల్ 24 నుంచి జూన్ మొదటి వారం దాకా ఉంచాం. మధ్యలో వీధి కుక్క రెండు చోట్ల చింపింది, టేపు వేయించాను.

పొరపాటు కూడా ఏప్రిల్‌లోనే జరిగింది, అదీ నాదే. దారి చేయడానికి బ్రష్ కట్టర్‌కి మూడు పళ్ళ బ్లేడు పెట్టి గేటు పక్కన ఎండుగడ్డి కోస్తున్నాను. అక్కడ పాత కంకర ఉందని నాకు తెలుసు. పావుగంట పనికి నైలాన్ తీగ మార్చడం ఎందుకులే అనుకున్నాను. ఒక రాయి లేచి పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టింది. పదిహేను మీటర్ల లోపు మనిషి ఉండకూడదని మిషన్ మీదే రాసి ఉంటుంది, ఆ కిటికీ పదడుగులు కూడా లేదు. పక్కింటాయన బయటికొచ్చి నన్నేమీ అనలేదు, అద్దం వంక చూసి నా వంక చూశారు. అద్దం ఖర్చు 1,800 నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఇళ్ళ మధ్య కోసేటప్పుడు ఇద్దరు గ్రీన్ మ్యాట్ అడ్డం పట్టుకుని మిషన్‌తో పాటు నడుస్తున్నారు.

ఎండిన వయ్యారిభామ మీద మాత్రం బ్రష్ కట్టర్ పెట్టనివ్వలేదు. తల మీద గింజ నిలబడి ఉన్నప్పుడు మిషన్ తిప్పితే మనమే పొలానికి వెదజల్లినట్టు. అక్క కొడవలితో కోసి, తల వైపు నుంచి గోనెసంచిలో దూర్చింది. పదకొండు సంచులు.

జూన్: తడి నేల

జూన్ మొదటి వారంలో రెండు మంచి వానలు పడ్డాయి. ఏప్రిల్‌లో ఇటుకలా ఉన్న ఎర్రనేల గడ్డపారకి మెత్తగా దిగింది. ఈ పదిరోజులు మాకు ఏడాదిలో అన్నిటికంటే బిజీ. తుమ్మ మొద్దు ఎండలో తవ్వితే ఒకదానికి సగం పూట పడుతుంది, తడిలో గంట. అందుకే ఏప్రిల్‌లో పైన కొమ్మలు కోసి, రెండడుగుల ఎత్తు మోళ్ళు కావాలని వదిలాం. గడ్డపారతో ఊపడానికి పట్టు కావాలి కదా. నేల మట్టానికి నరికేస్తే జూన్‌లో మొద్దు ఎక్కడుందో వెతుక్కోవాలి.

మొద్దు చుట్టూ మూరెడు వెడల్పు గుంత తీసి, పక్క వేళ్ళు గొడ్డలితో తెంపి, జానెడున్నర లోతులో తల్లి వేరు నరకాలి. తమ్ముడు మొదటి రెండూ జానెడు లోతులోనే ఆపబోయాడు. అన్న చూసి, "ఇంకింత తవ్వురా, గాడ ఆపితే మల్ల లేస్తది" అన్నాడు. ఆ కొలత నేను నేర్పింది కాదు, వాళ్ళ ఊళ్ళో చేను గట్ల మీద వాళ్ళ నాన్న నేర్పింది. రెండున్నర రోజుల్లో ఆరు మొద్దులు వచ్చాయి. తమ్ముడి చెప్పులో నుంచి ముల్లు దిగింది. బూట్లు ఇచ్చాను, ఉక్కగా ఉందని విప్పేశాడు. టీటీ ఇంజెక్షన్ చేయించి ఇంటికి పంపాం.

ఏడోది తూర్పు గోడ పునాదిలోకి దూరి ఉంది. తవ్వితే గోడ కదులుతుంది. దాన్ని వదిలేసి, చిగురు వచ్చినప్పుడల్లా విరిచేయడం ఒక్కటే దారి అని చెప్పాను. ఆకు లేకపోతే వేరుకి తిండి లేదు, దాచుకున్నది ఖర్చయిపోవాలి. టీచరమ్మ గారు ఆ పని తానే చూసుకుంటానన్నారు. క్యాలెండర్‌లో పదిహేను రోజులకోసారి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నారు.

వయ్యారిభామ రెండో విడత జూన్ చివర్లో లేచింది. జేసీబీ తర్వాత లేచినట్టే, పచ్చటి తివాచీలా. ఆవిడకి టెన్షన్ వచ్చేసింది, "మళ్ళీ మొదటికొచ్చింది" అని ఫోన్. నాకు మాత్రం అది మంచి కబురు. గింజ మొలిస్తేనే కదా చావడానికి దొరికేది. బెత్తెడు ఎత్తులో, పూత రాకముందు, వాన పడ్డ మర్నాడు వేరుతో సహా లాగేస్తే ఆ గింజ లెక్క తీరిపోయినట్టే. పైన తెంపితే మాత్రం మొదట్లోంచి మళ్ళీ వస్తుంది. అందుకే ఇది చేతిపని, చేతికి రబ్బరు గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. దాని ఆకు, పుప్పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తాయి, కొందరికి ఆయాసం. అక్కకి ఇన్నేళ్ళలో ఏమీ కాలేదని గ్లోవ్స్ లేకుండా దిగింది, నేనూ గట్టిగా చెప్పలేదు. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రగా పొంగింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, వారం రోజులు పనిలోకి రాలేదు, ఆ కూలి ఇచ్చాను. ఇన్నేళ్ళు ఏమీ కాలేదనేది ఈ మొక్క విషయంలో ధైర్యం ఇచ్చే మాట కాదు. తగిలేకొద్దీ ఎలర్జీ పెరగొచ్చు.

రెండో విడతకి ఆరు సంచులు, జూలై మూడో వారంలో మూడో విడతకి రెండు. షీటు వేసిన 40 గజాల్లో వయ్యారిభామ వేళ్ళ మీద లెక్కపెట్టేంతే మొలిచింది. తుంగ విషయంలో ఫలితం సగం సగమే. పైన గడ్డలు ఉడికిపోయాయి, లోతుగా ఉన్నవి జూలైలో సూదుల్లా లేచాయి. షీటు తుంగని పూర్తిగా చంపుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

తీసిన కంప ఏమైంది

కాల్చేద్దామని పక్కవీధి వాచ్‌మన్ అగ్గిపెట్టె కూడా తెచ్చాడు. వద్దన్నాను. పొగ సంగతి సరే, బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 జరిమానా అని 2016లోనే గ్రీన్ ట్రిబ్యునల్ తీర్పు ఉంది. లావు తుమ్మ కట్టె అన్నదమ్ములు వంటచెరుకుకి తీసుకెళ్ళారు. ముళ్ళ కొమ్మలు కూలిన వెనక గోడ సందులో కంచెలా పేర్చాం. పూతకి రాని పచ్చి మొక్కలన్నీ మూలన గుంతలో పేడనీళ్ళు చల్లి కంపోస్టుకి వేశాం. గింజ పట్టిన పదకొండు సంచులు మాత్రం కంపోస్టులో వేయనివ్వలేదు. ఇంటి గుంతలో గింజ చచ్చేంత వేడి అన్ని వైపులా పుట్టదు. మూతి కట్టి చెత్త ట్రాలీలో పంపించాం.

జనుము, బతుకమ్మ

నా లెక్కలో అసలు పని ఇక్కడుంది, దీనికి డబ్బు ఇవ్వడానికే అందరూ వెనకాడతారు. ఖాళీగా వదిలిన నేల ఖాళీగా ఉండదు. జూలై మొదటి వారంలో, రెండో విడత లాగేసిన వెంటనే జనుము చల్లాం. పచ్చిరొట్టకి రైతులు ఎకరాకి 20 కిలోల దాకా వేస్తారు. ఆ లెక్కన 300 గజాలకి కిలోన్నర లోపే చాలు. నేను మూడు కిలోలు చల్లించాను, మాకు కావాల్సింది ఎరువు కంటే నీడ. నేలని దున్నలేదు, దంతెతో పైపైన గీరాం అంతే. లోతుగా కదిపితే మళ్ళీ జేసీబీ కథే. నెలకి జనుము ఛాతీ ఎత్తుకి వచ్చింది. కింద వెలుతురు లేదు. తుంగకి ఎండ కావాలి, నీడలో అది నీరసించిపోతుంది. షీటు చేయలేని పని కొంత జనుము చేసింది. ఆగస్టు చివర్లో పూత మొదలవగానే కోసి, అక్కడే మందంగా పరిచేశాం.

జనుము కోసేటప్పుడు అంచుల్లో మిగిలిన వయ్యారిభామ ఆకుల్లో జల్లెడలా బొక్కలు కనిపించాయి. లేత పసుపు వీపు మీద గోధుమ రంగు చారలున్న చిన్న పెంకు పురుగులు. మెక్సికో నుంచి బెంగళూరుకి తెప్పించి, వయ్యారిభామని తినడానికే 1984లో వదిలిన పురుగు. వానాకాలంలోనే పని చేస్తుంది, తర్వాత మట్టిలోకి పోయి పడుకుంటుంది. దాని మీద ఆధారపడి పెరడు శుభ్రం కాదు గానీ, నలపొద్దని కుర్రాళ్ళకి చెప్పాను.

ఇంకో సంగతి. జూన్‌లో పశ్చిమ గోడ దగ్గర తంగేడు పొదలు మూడు, వాటి చుట్టూ మొలుస్తున్న గునుగు నా నోట్‌బుక్‌లో తీసేయాల్సిన వాటిలోనే ఉన్నాయి. కొడవలి ఎత్తితే అక్క అడ్డం వచ్చింది. "గవ్వి తియ్యకు సారూ, బతుకమ్మకు గావాలె." టీచరమ్మ గారు కిటికీలోంచి విని, "ఉండనీ బాబూ, మార్కెట్లో తంగేడు కొనుక్కోవాల్సి వస్తోంది" అన్నారు. నా నోట్‌బుక్‌లో ఆ రెండు పేర్లూ కొట్టేశాను. అక్టోబర్‌లో ఆ మూల నుంచి వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు పూలు కోసుకెళ్ళారు. గునుగు గింజ రాలకముందే అక్క వచ్చి మిగిలింది కోసేసింది, వచ్చే ఏడాదికి గుప్పెడు గింజ మాత్రం కాగితంలో కట్టి ఉంచింది.

ఖర్చు, నవంబర్ నాటి పరిస్థితి

కూలి మొత్తం 27,500. మిషన్ పెట్రోలు, షీటు, జనుము గింజలు, ట్రాలీ కలిపి 6,500. నా పర్యవేక్షణ విడిగా. జేసీబీకి, మందుకి కలిపి అంతకు ముందు ఆవిడకి అయింది 12,500. మాది దాదాపు మూడు రెట్లు, ఆ మాట దాచి పని ఒప్పుకోను. ఖర్చు తగ్గించుకోవాలంటే దఫాలు తగ్గించొద్దు, ఒకేసారి చేసే స్థలం తగ్గించుకోండి. ఈ ఏడాది 100 గజాలు, వచ్చే ఏడాది ఇంకో 100.

నవంబర్‌లో వెళ్ళేసరికి పరిచిన జనుము సగం కుళ్ళి నల్లగా ఉంది. మధ్యలో ఆవిడ మెంతికూర, పాలకూర మళ్ళు వేసుకున్నారు. వయ్యారిభామ అక్కడక్కడా పదో పన్నెండో, పాలకూర కోసేటప్పుడే ఆవిడ గ్లోవ్స్ వేసుకుని లాగేస్తున్నారు. తుంగ ఉంది, సంపు పక్కన ఇంకో ఎండాకాలం షీటు వేయాలి. సంపుకి కొత్త మూత వచ్చింది. వెనక గోడ అవతలి ప్లాటు మాత్రం అలాగే ఉంది, గాలికి గింజ అక్కడి నుంచి వస్తూనే ఉంటుంది. ఆ ఓనరు ఎవరో ఆవిడ ఇంకా కనుక్కుంటున్నారు.

గోడలో ఇరుక్కున్న ఏడో తుమ్మ బతికే ఉంది. జూన్‌లో మూరెడు చిగుళ్ళు వేసేది, ఇప్పుడు బొటనవేలంత. క్యాలెండర్‌లో పది టిక్కులు ఉన్నాయి. కరివేపాకు మొక్క కొత్తది ఎక్కడ పెట్టాలని అడిగారు. పాతది ఉన్న చోటే పెట్టండి, నేల బాగానే ఉంది అన్నాను.